ఐబీఎస్‌ మలబద్ధకానికి ప్రీబయాటిక్ పెరుగు: మొదటి గ్రాము నుంచి సరిపడే మోతాదు దాకా

ఐబీఎస్‌తో (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే కడుపునొప్పితో పాటు మోషన్ తీరు మారే పేగు సమస్య) పాటు మలబద్ధకం కూడా ఉన్నవాళ్లకు ఎవరైనా ఇచ్చే సలహా ఒకటే: పీచు బాగా తినండి, పెరుగు తినండి. సలహాలో తప్పేమీ లేదు. కానీ ఏ పీచు, ఎంత, ఎంత నిదానంగా అన్నది సాధారణంగా ఎవరూ విడమరచి చెప్పరు. దాంతో చాలామంది ఇనులిన్ అనే పీచు పొడి ఒక పెద్ద చెంచాడు పెరుగులో కలుపుకుని తినేస్తారు. సాయంత్రానికి కడుపు బిగుసుకుపోతుంది, గ్యాస్ పట్టేస్తుంది. రెండో రోజుకల్లా ఆ డబ్బా అటకెక్కుతుంది. ఇది నాకు పడదని తేల్చేసుకుంటారు.

పడనిది చాలాసార్లు పీచు కాదు, మోతాదు. పీచును పెద్దపేగులోని సూక్ష్మజీవులు పులియబెడతాయి. పేగును కదిలించే ఆ పులియడమే గ్యాస్‌ను కూడా పుట్టిస్తుంది. ఈ రెండిటిలో మొదటిది ఎక్కువగా, రెండోది తక్కువగా వచ్చే చోటును వెతుక్కోవడమే ఇక్కడ అసలు పని. ఆ చోటు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. అందుకే కింద చెప్పిన పద్ధతికి సుమారు మూడు నెలలు పడుతుంది. తొందరపడితే ఏది పనిచేసిందో, ఏది ఇబ్బంది పెట్టిందో తెలియకుండా పోతుంది.

అడుగు 1: ఇది ఐబీఎస్సేనా అని ముందు తేల్చుకోండి

మోషన్ సరిగా అవ్వకపోతే అది ఐబీఎస్ అయిపోదు. వైద్యులు వాడే రోమ్-4 ప్రమాణాలు 2016లో వచ్చాయి. వాటి ప్రకారం గత మూడు నెలలుగా సగటున వారానికి కనీసం ఒక రోజు కడుపునొప్పి ఉండాలి. ఆ నొప్పికి మలవిసర్జనతో సంబంధం ఉండటం, ఎన్నిసార్లు వెళ్తున్నారన్నది మారడం, మలం రూపు మారడం, ఈ మూడింటిలో కనీసం రెండు ఉండాలి. ఇబ్బంది మొదలై ఆరు నెలలైనా దాటి ఉండాలి. నొప్పి లేకుండా మలబద్ధకం మాత్రమే ఉంటే దాన్ని వేరుగా చూస్తారు. అయితే ఈ పద్ధతిలో చాలా భాగం వాళ్లకూ పనికొస్తుంది.

మలం రూపును గుర్తించడానికి బ్రిస్టల్ చార్ట్ ఉంది. అందులో ఏడు రకాలు. 1 అంటే విడివిడిగా, గట్టిగా ఉండే ఉండలు. 2 అంటే ఉండలన్నీ అతుక్కుని ముద్దగా వచ్చేది. 3, 4 ఆరోగ్యకరమైన రూపాలు. 6, 7 పలచటివి. తేడాగా ఉన్న మోషన్లలో పావు వంతు కంటే ఎక్కువ 1, 2 రకాలుగా ఉండి, 6, 7 రకాలు పావు వంతు కంటే తక్కువగా ఉంటే దాన్ని మలబద్ధకం ప్రధానంగా ఉన్న ఐబీఎస్ అంటారు.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, జ్వరం, నిద్రలోంచి లేపే నొప్పి లేదా విరేచనాలు, ఆగని వాంతులు, కుటుంబంలో పెద్దపేగు క్యాన్సర్ లేదా పేగు వాపు జబ్బులు, 50 ఏళ్లు దగ్గరపడ్డాక కొత్తగా మొదలైన మలబద్ధకం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పెరుగు కప్పు పక్కన పెట్టి ముందు డాక్టర్‌ను కలవండి. థైరాయిడ్ పనితీరు తగ్గినా మలబద్ధకం వస్తుంది. ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు, కొన్ని రకాల బీపీ మందులు, ఓపియాయిడ్ నొప్పి మందులు, అమిట్రిప్టిలిన్ లాంటివి కూడా పేగును నెమ్మదింపజేస్తాయి. మీరు వాడే మందుల జాబితా ఒకసారి డాక్టర్‌కు చూపిస్తే కొన్నిసార్లు సమస్య అక్కడే తేలిపోతుంది.

ఇంకొకటి తరచూ కంటికి కనబడకుండా పోతుంది. మలం మెత్తగానే ఉన్నా బయటికి రాదు, ఏదో అడ్డం ఉన్నట్టు ఉంటుంది, ఎంత ముక్కినా పూర్తిగా ఖాళీ అయినట్టు అనిపించదు. ఇలా ఉంటే కటి కండరాలు సడలాల్సిన సమయంలో బిగుసుకుంటున్నాయేమో పరీక్ష చేయించాలి. దానికి బయోఫీడ్‌బ్యాక్ అనే శిక్షణ ఉంది. ఈ సమస్య ఉన్నవాళ్లు పీచు మీద పీచు పెంచుకుంటూ పోతే అవస్థ పెరుగుతుందే తప్ప తగ్గదు.

అడుగు 2: పెరుగు పని ఏమిటో, పీచు పని ఏమిటో విడిగా తెలుసుకోండి

పాలను పెరుగుగా మార్చేవి ప్రధానంగా రెండు బ్యాక్టీరియాలు: లాక్టోబాసిల్లస్ బల్గారికస్, స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్. ఇవి మన పెద్దపేగులో కాపురం పెట్టవు. లాక్టోజ్‌ను అరిగించడంలో సాయం చేసి, దారిన వెళ్లిపోతాయి. వీటి వల్లే మలబద్ధకం పోతుందనడానికి గట్టి ఆధారం లేదు. కొన్ని పెరుగుల్లో వీటికి తోడు బిఫిడోబ్యాక్టీరియా కలుపుతారు. వాటి మీద పరిశోధన కొంత మెరుగ్గా ఉంది.

ప్రీబయాటిక్ అంటే మనకు అరగకుండా పెద్దపేగు దాకా వెళ్లి, అక్కడి మేలు చేసే సూక్ష్మజీవులకు ఆహారమయ్యే పదార్థం. 1995లో గిబ్సన్, రాబర్‌ఫ్రాయిడ్ అనే శాస్త్రవేత్తలు ఈ భావనను ప్రతిపాదించారు. సూక్ష్మజీవులు ఆ పీచును పులియబెట్టినప్పుడు ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలు పుడతాయి. సూక్ష్మజీవుల సంఖ్య పెరిగి మలం పరిమాణం పెరుగుతుంది, అది నీటిని పట్టి ఉంచుతుంది, పేగు కదలిక చురుకవుతుంది. మలబద్ధకానికి మేలు జరిగేది ఈ దారిలో.

అదే పులియడంలో హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ కూడా తయారవుతాయి. మీథేన్ ఎక్కువగా తయారయ్యేవాళ్లలో పేగు కదలిక నెమ్మదిగా ఉండటం కనిపిస్తుంది. 2017లో బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ పరిశోధకులు ఆరోగ్యవంతులకు, ఐబీఎస్ ఉన్నవాళ్లకు ఇనులిన్ ఇచ్చి ఎమ్మారై తీసి చూశారు. ఇద్దరి పెద్దపేగులోనూ గ్యాస్ దాదాపు ఒకేలా పెరిగింది. కానీ బాధ మాత్రం ఐబీఎస్ వాళ్లకే ఎక్కువైంది. అంటే మీ పేగు గ్యాస్ ఎక్కువగా చేస్తోందని కాదు, సాగడాన్ని ఎక్కువగా పట్టించుకుంటోంది. ఇది తెలిస్తే రెండు విషయాలు తేలికవుతాయి. ఉబ్బరం వచ్చినప్పుడు లోపల ఏదో పాడైపోయిందన్న టెన్షన్ తగ్గుతుంది. మోతాదు ఎందుకు అంత చిన్నగా మొదలుపెట్టాలో అర్థమవుతుంది.

ఆధారాల సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. షికోరీ వేరు నుంచి తీసిన ఇనులిన్‌ను రోజుకు 12 గ్రాములు తీసుకుంటే మలవిసర్జన తరచుగా అవుతుందని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో ఒప్పుకుంది. ఆ సంఖ్య సాధారణ ఆరోగ్యం ఉన్నవాళ్లది. ఐబీఎస్ మీద జరిగిన ప్రీబయాటిక్ పరీక్షలన్నిటినీ కలిపి 2019లో చేసిన విశ్లేషణలో, మొత్తం మీద ప్రీబయాటిక్స్ ఐబీఎస్ లక్షణాలను తగ్గించినట్టు కనబడలేదు. గ్యాస్ విషయంలో మాత్రం తేడా తేలింది: రోజుకు 6 గ్రాములు, అంతకంటే తక్కువ మోతాదుల్లో, ఇనులిన్ జాతికి చెందని పీచుల్లో గ్యాస్ బాధ తగ్గింది, ఇనులిన్ రకాల్లో పెరిగింది. ఈ మార్గదర్శిలో చెప్పే ఎంపికలు, మోతాదులు చాలావరకు ఈ తేడా మీదే ఆధారపడి ఉన్నాయి.

అడుగు 3: రెండు వారాలు ఏమీ మార్చకుండా రాసుకోండి

ఎక్కువమంది దాటేసే అడుగు ఇదే. రోజూ పడుకునే ముందు నాలుగు విషయాలు రాయండి: ఎన్నిసార్లు మోషన్ అయింది, బ్రిస్టల్ చార్ట్‌లో ఏ రకం, ఆ రోజు కడుపునొప్పి సున్నా నుంచి పది లోపల ఎంత, ఉబ్బరం ఎంత. మోషన్ తర్వాత పూర్తిగా ఖాళీ అయినట్టు అనిపిస్తే పక్కన ఒక టిక్ పెట్టండి. ఆ టిక్‌ల లెక్క మీకు చాలా అవసరం. రోజుకు మూడుసార్లు వెళ్లి మూడుసార్లూ చిన్న ఉండలే వచ్చే మనిషికి, రెండు రోజులకోసారి హాయిగా వెళ్లే మనిషికి తేడా సంఖ్యలో కనబడదు, టిక్‌లో కనబడుతుంది. ఆడవాళ్లు నెలసరి రోజులు కూడా గుర్తు పెట్టుకుంటే మంచిది. ఆ రోజుల చుట్టూ మోషన్ మారడం మామూలే, దాన్ని పీచు ఖాతాలో వేయకూడదు.

అడుగు 4: పాల పదార్థాన్ని ఎంచుకోండి

ముందు లాక్టోజ్ సంగతి చూడాలి. పాలు తాగితే కడుపు ఉబ్బి, గడబిడ చేసేవాళ్లు కూడా పెరుగును సాధారణంగా తట్టుకుంటారు. పులిసేటప్పుడు లాక్టోజ్‌లో కొంత భాగం ఖర్చవుతుంది, మిగిలినదాన్ని అరిగించడానికి పెరుగులోని బతికున్న బ్యాక్టీరియా తోడ్పడుతుంది. అంటే లాక్టోజ్ పూర్తిగా పోయిందని కాదు. కప్పు పెరుగులో ఇంకా కొన్ని గ్రాములు ఉంటుంది. కెఫీర్ అనే పులిసిన పాల పానీయంలోనూ అంతే. మీకు కొద్దిపాటి పెరుగు కూడా పడకపోతే లాక్టోజ్ లేని పాలతో చేసిన పెరుగు తీసుకోండి. ఆ పాలు ఇంట్లోనూ చక్కగా తోడుకుంటాయి, కాస్త తియ్యగా ఉంటాయి. గుడ్డలో వడకట్టిన గట్టి పెరుగులో నీటితో పాటు కొంత లాక్టోజ్ కూడా పోతుంది.

కొన్న డబ్బా అయితే లేబుల్ తిప్పి చదవండి. బతికున్న కల్చర్లు ఉన్నాయని రాసి ఉండాలి. పులిసిన తర్వాత వేడి చేశామని రాసి ఉంటే అందులో బ్యాక్టీరియా చచ్చిపోయినట్టే. అంతర్జాతీయ ఆహార ప్రమాణమైన కోడెక్స్ ప్రకారం పెరుగులో గ్రాముకు కనీసం కోటి తోడు బ్యాక్టీరియా ఉండాలి. ప్రత్యేకంగా పేరు రాసి కలిపిన బ్యాక్టీరియా అయితే గ్రాముకు కనీసం పది లక్షలు ఉండాలి. తర్వాత పదార్థాల జాబితా చూడండి. చక్కెర లేని సాదా పెరుగే మేలు. సార్బిటాల్, మాల్టిటాల్, జైలిటాల్ లాంటి తీపి పదార్థాలు ఉంటే వద్దు, అవి సొంతంగా గ్యాస్ పుట్టిస్తాయి. జాబితాలో ఇనులిన్ గానీ, షికోరీ వేరు పీచు గానీ, ఒలిగోఫ్రక్టోజ్ గానీ ఉందేమో వెతకండి. ఉంటే ఒక్కో కప్పుకు ఎన్ని గ్రాములో చూడండి. ముందే పీచు కలిపిన పెరుగు సౌకర్యంగా అనిపిస్తుంది గానీ, ఐబీఎస్ ఉన్నవాళ్లు దాంతో మొదలుపెట్టకపోవడమే మంచిదని నా ఉద్దేశం. ఒక్కో గ్రాము పెంచుకునే వీలు అందులో ఉండదు.

బిఫిడోబ్యాక్టీరియా ఉన్న పెరుగు తీసుకోదలిస్తే జాతి పేరు మాత్రమే కాకుండా స్ట్రెయిన్ (ఆ జాతిలోని ఉపరకం) కోడ్ కూడా రాసి ఉన్నదాన్ని చూసుకోండి. బిఫిడోబ్యాక్టీరియం యానిమాలిస్ లాక్టిస్‌లో సీఎన్‌సీఎం ఐ-2494 అనే స్ట్రెయిన్ మీద మలబద్ధక ఐబీఎస్ వాళ్లతోనే పరీక్షలు జరిగాయి. 2007 నాటి పరీక్షలో 125 గ్రాముల కప్పు రోజుకు రెండుసార్లు ఆరు వారాలు ఇస్తే, వారానికి మూడుసార్ల కంటే తక్కువ వెళ్లేవాళ్లలో మోషన్ల సంఖ్య పెరిగింది. 2009లో చేసిన ఒక చిన్న పరీక్షలో ఉబ్బరం తగ్గి, పేగు కదలిక వేగం పెరిగింది. 2013లో వచ్చిన మరో పరీక్షలో మాత్రం అసలు పెరుగు తిన్నవాళ్లూ, ఉత్తుత్తి పెరుగు తిన్నవాళ్లూ ఒకేలా మెరుగుపడ్డారు. ప్రోబయాటిక్స్ (మేలు కోసం తీసుకునే బతికున్న బ్యాక్టీరియా) గురించి మార్గదర్శకాలు కూడా ఒక్క మాట మీద లేవు. 2021లో అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం వద్దంది. అదే ఏడు బ్రిటన్ సంఘం 12 వారాల దాకా ప్రయత్నించి, ఫలితం లేకపోతే ఆపేయమంది. నాకు ఈ రెండో మాట ఆచరణలో నచ్చింది. పెరుగు ఎలాగూ ఆహారమే కాబట్టి పరీక్షించి చూడటంలో నష్టం తక్కువ.

అడుగు 5: పీచును ఎంచుకోండి

ఫలితం ఎక్కువగా ఆధారపడేది ఈ ఎంపిక మీదే.

ఇనులిన్, ఒలిగోఫ్రక్టోజ్ (ఎఫ్ఓఎస్ అని కూడా రాస్తారు) రెండూ ఫ్రక్టాన్లే, అంటే ఫ్రక్టోజ్ అణువుల గొలుసులు. గొలుసు ఎంత పొట్టిగా ఉంటే అంత వేగంగా, పెద్దపేగు మొదట్లోనే పులుస్తుంది. ఒక్కసారిగా గ్యాస్ వస్తుంది. పొడవు గొలుసు ఇనులిన్ నిదానంగా, ఇంకాస్త దూరం వెళ్లాక పులుస్తుంది. మీ ప్రధాన బాధ గట్టి మలమే అయి, ఉబ్బరం పెద్దగా లేకపోతే పొడవు గొలుసు ఇనులిన్ ప్రయత్నించవచ్చు. ఉల్లి, వెల్లుల్లి తింటేనే కడుపు ఉబ్బేవాళ్లకు ఫ్రక్టాన్లు పడకపోయే అవకాశం ఎక్కువ. వాళ్లు దీని జోలికి వెళ్లకుండా వేరే పీచుతో మొదలుపెట్టడం మంచిది.

పాక్షికంగా విడగొట్టిన గ్వార్ గమ్‌ను పీహెచ్‌జీజీ అంటారు. గోరుచిక్కుడు గింజల బంకను ఎంజైములతో చిన్న ముక్కలు చేసి తయారుచేస్తారు. రుచి ఉండదు, పెరుగును చిక్కబరచదు, నిదానంగా పులుస్తుంది. ఐబీఎస్ మీద రోజుకు 6 గ్రాములతో చేసిన పరీక్షలో ఉబ్బరం, గ్యాస్ తగ్గాయి. ఉబ్బరం, మలబద్ధకం రెండూ ఉన్నవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. మామూలు గ్వార్ గమ్ మాత్రం కొనకండి. అది నీటిలో పడగానే జిగురుముద్ద అవుతుంది.

గెలాక్టో ఒలిగోశాకరైడ్లు, అంటే జీఓఎస్, లాక్టోజ్ నుంచి తయారవుతాయి. 2009లో వచ్చిన పరీక్షలో రోజుకు 3.5 గ్రాములు ఇస్తే మలం రూపు, గ్యాస్, ఉబ్బరం మెరుగుపడ్డాయి. అంత కొంచెం మోతాదే చాలడం దీని ప్రత్యేకత. పొడుల్లో కొంత లాక్టోజ్ మిగిలి ఉండవచ్చు, పాల ప్రోటీన్ ఎలర్జీ ఉన్నవాళ్లు లేబుల్ చూసుకోవాలి.

అకేసియా ఫైబర్ అంటే తుమ్మ జాతి చెట్ల బంక. 2012లో కొరియాలో అకేసియా ఫైబర్‌నూ, బిఫిడోబ్యాక్టీరియం లాక్టిస్‌నూ కలిపిన పెరుగును ఎనిమిది వారాలు ఇచ్చి, మామూలు పెరుగుతో పోల్చారు. కలిపిన పెరుగు తిన్నవాళ్లలో మొత్తం లక్షణాలు, మోషన్ విషయంలో తృప్తి ఎక్కువగా మెరుగుపడ్డాయి. మనం మాట్లాడుకుంటున్న తరహా ఆహారాన్నే నేరుగా పరీక్షించిన పని ఇది.

సైలియం పొట్టు, అంటే ఇసబ్గోల్, చాలా తక్కువగా పులుస్తుంది కాబట్టి దాన్ని అసలైన ప్రీబయాటిక్‌గా లెక్కించరు. కానీ ఐబీఎస్‌లో అన్నిటికంటే గట్టి ఆధారం ఉన్న పీచు అదే. 2009లో నెదర్లాండ్స్‌లో రోజుకు 10 గ్రాముల సైలియాన్ని, తవుడును పోల్చి చూశారు. సైలియం ఉపశమనం ఇచ్చింది. తవుడు తిన్నవాళ్లలో చాలామంది లక్షణాలు ఎక్కువై మధ్యలోనే మానేశారు. అందుకే పెరుగులో గోధుమ తవుడు కలుపుకోమనే సలహాను పట్టించుకోకండి. ఇంకొక మంచి కబురు: సైలియం, ఇనులిన్ కలిపి ఇచ్చినప్పుడు ఇనులిన్ పుట్టించే గ్యాస్ తగ్గిందని నాటింగ్‌హామ్ బృందమే ఎమ్మారైతో చూపించింది. సైలియం జెల్‌గా మారి, సూక్ష్మజీవులకు ఇనులిన్ ఒక్కసారిగా అందకుండా చేయడం దీనికి కారణం కావచ్చు.

ఇన్ని చెప్పినా, ఒకసారికి ఒకటే ఎంచుకోండి. రెండు మూడు కలిపిన పొడులు మొదట్లో వద్దు.

అడుగు 6: పెరుగు తోడు పెట్టుకోవడం

కొన్న పెరుగు వాడేవాళ్లు ఇది వదిలేయొచ్చు. ఇంట్లో చేసుకునేవాళ్లు పాలను 85 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు సన్నసెగ మీద ఉంచితే పెరుగు గట్టిగా వస్తుంది. తర్వాత 43 డిగ్రీలకు చల్లార్చాలి. లీటరు పాలకు ఒక పెద్ద చెంచాడు తోడు చాలు. తోడును ముందు కొద్దిపాటి గోరువెచ్చని పాలలో చిలికి, తర్వాత గిన్నెలో కలపండి. 40 నుంచి 43 డిగ్రీల మధ్య కదపకుండా ఆరు నుంచి ఎనిమిది గంటలు ఉంచితే తోడుకుంటుంది. ఇంకో రెండు మూడు గంటలు ఉంచితే పులుపు పెరుగుతుంది, లాక్టోజ్ మరికొంత తగ్గుతుంది. తర్వాత ఫ్రిజ్‌లో పెట్టేయండి.

తోడుగా బిఫిడోబ్యాక్టీరియా ఉన్న పెరుగు వాడినా, ఇంట్లో తోడుకున్నాక అవి అదే సంఖ్యలో ఉంటాయని అనుకోకండి. వాటికి ఆక్సిజన్ పడదు, పాలలో నిదానంగా పెరుగుతాయి. తోడు మీద తోడు పెట్టేకొద్దీ తగ్గిపోతాయి. ఆ స్ట్రెయిన్ కోసమే తింటుంటే కొన్న కప్పునే నేరుగా తినండి.

అడుగు 7: కలిపే పద్ధతి

పీచును పాలలో వేసి తోడు పెట్టవచ్చు గానీ, అప్పుడు గిన్నె మొత్తానికి ఒకటే మోతాదు అవుతుంది. తినే ముందు కప్పులో కలుపుకోవడమే మేలు.

చెంచా కొలతను నమ్మకండి. ఒక్కో కంపెనీ పొడి బరువు ఒక్కోలా ఉంటుంది, తలగొట్టిన చెంచాకూ పోగుగా తీసిన చెంచాకూ రెట్టింపు తేడా రావచ్చు. అర గ్రాము దాకా చూపించే చిన్న కాటా ఉంటే అన్ని గొడవలూ పోతాయి.

ఇనులిన్‌ను గట్టి పెరుగు మీద నేరుగా చల్లితే పైన తెల్లటి ఉండలు కడతాయి. ఎంత కలిపినా లోపల పొడి పొడిగానే ఉంటాయి. ముందు చిన్న గిన్నెలో పొడి వేసి, రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లు పోసి, చెంచా వెనుక భాగంతో నలుపుతూ నున్నటి ముద్ద చేయండి. తర్వాత రెండు చెంచాల పెరుగు కలిపి పలచన చేసి, అప్పుడు మిగతా పెరుగులో వేసి తిప్పండి. పీహెచ్‌జీజీకి ఈ శ్రమ అక్కర్లేదు, చల్లి తిప్పితే కరిగిపోతుంది. సైలియం అయితే కలిపిన రెండు మూడు నిమిషాల్లో పెరుగు బిరుసెక్కుతుంది. కలపగానే తినేసి, వెంటనే గ్లాసుడు నీళ్లు తాగండి. నీళ్లు లేకుండా సైలియం మింగితే గొంతులోనో అన్నవాహికలోనో ఉబ్బి అడ్డుపడే ప్రమాదం ఉంది. మింగడం కష్టంగా ఉన్నవాళ్లు దాన్ని వాడకూడదు.

కలిపిన పెరుగును వేడి చేయవద్దు. 60 డిగ్రీలు దాటితే బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

అడుగు 8: మోతాదు పెంచే క్రమం

మొదటి వారం పీచు ఏమీ లేకుండా సాదా పెరుగు మాత్రమే, రోజుకు 100 నుంచి 150 గ్రాములు. పెరుగే పడటం లేదేమో ఇక్కడే తెలిసిపోతుంది.

రెండో వారం ఇనులిన్ లేదా జీఓఎస్ అయితే 1 గ్రాము, పీహెచ్‌జీజీ, అకేసియా, సైలియం అయితే 2 గ్రాములు. అక్కడి నుంచి వారానికోసారి మాత్రమే, ఒక్కో గ్రాము చొప్పున పెంచండి. పీహెచ్‌జీజీని 5 నుంచి 6 గ్రాముల దగ్గర, జీఓఎస్‌ను 3.5 గ్రాముల దగ్గర ఆపండి. ఇనులిన్ 5 గ్రాములకు చేరాక ఆగి చూడండి. హాయిగా ఉంటేనే, ఇంకా అవసరం అనిపిస్తేనే పైకి వెళ్లండి. ఆ 12 గ్రాముల సంఖ్యను లక్ష్యంగా పెట్టుకోనక్కర్లేదు. సైలియాన్ని 10 గ్రాముల దాకా పెంచుకోవచ్చు. 5 గ్రాములు దాటాక రోజుకు రెండుసార్లుగా విడగొట్టండి.

పెంచిన మొదటి రెండు మూడు రోజులు గ్యాస్ కాస్త ఎక్కువగా ఉండటం సహజం. అయిదో రోజుకూ తగ్గకపోతే ముందు వారం మోతాదుకు దిగి, మరో పది రోజులు అక్కడే ఉండండి. నొప్పి పది లెక్కలో మీ మామూలు సగటు కంటే రెండు అంకెలు పెరిగినా దిగిపోండి. దిగడం ఓటమి కాదు. మీకు సరిపడే మోతాదు 3 గ్రాములే కావచ్చు.

ఉదయం అల్పాహారంతో తినడం మంచిదని నా సలహా. తిన్న తర్వాత పెద్దపేగు కదలిక సహజంగానే పెరుగుతుంది, అది ఉదయం పూట బలంగా ఉంటుంది. తిన్న ఇరవై ముప్పై నిమిషాలకు, పాదాల కింద చిన్న పీట పెట్టుకుని, తొందర లేకుండా టాయిలెట్‌లో కూర్చోండి. పది నిమిషాల్లో రాకపోతే లేచి వచ్చేయండి, ముక్కొద్దు. నీళ్లు చాలినన్ని తాగండి. ఈ వారాల్లో కొత్త డైట్ గానీ, కొత్త విరేచనాల మందు గానీ మొదలుపెట్టకండి. పాత మందులు డాక్టర్ చెప్పకుండా ఆపకండి.

కప్పులోకి ఏం కలుపుకోవచ్చు

మోతాదు కుదిరాక రుచి కోసం పండ్లు కలుపుకోవచ్చు. ఆకుపచ్చ కివీకి మలబద్ధకంలో మంచి పేరుంది. రోజుకు రెండు పండ్ల మీద జరిగిన పరీక్షల్లో మోషన్లు పెరిగాయి, ఐబీఎస్ వాళ్లు కూడా బాగానే తట్టుకున్నారు. పచ్చి కివీలోని ఎంజైమ్ పాల ప్రోటీన్‌ను విడగొడుతుంది కాబట్టి ముందే కలిపి ఉంచితే పెరుగు చేదెక్కుతుంది. ముక్కలు కోసి అప్పటికప్పుడు తినేయండి. ఓట్స్ ఒకటి రెండు చెంచాలు నానబెట్టి వేసుకోవచ్చు. ఆపిల్, మామిడి, తేనె మాత్రం ఫ్రక్టోజ్ ఎక్కువ ఉన్నవి, ఉబ్బరం ఉన్నవాళ్లు జాగ్రత్తగా చూసుకోవాలి.

ఎవరు ముందు డాక్టర్‌ను అడగాలి

రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు, కీమోథెరపీలో ఉన్నవాళ్లు, సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలో పెట్టిన గొట్టం) ఉన్నవాళ్లు బతికున్న కల్చర్లను సొంతంగా మొదలుపెట్టకూడదు. పేగులో ఎక్కడైనా సన్నబడిన భాగం ఉన్నవాళ్లకు పీచు పొడులు ప్రమాదం. కిడ్నీ జబ్బులో పాల పదార్థాల మోతాదు డాక్టర్ చెప్పినంతే. పిల్లలకు ఈ క్రమం వర్తించదు. ఇనులిన్‌కూ, జీఓఎస్‌కూ ఎలర్జీ చాలా అరుదుగా వస్తుంది. దద్దుర్లు, పెదవుల వాపు, ఊపిరాడకపోవడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

థైరాయిడ్ మాత్రకూ పెరుగుకూ మధ్య నాలుగు గంటలు ఎడం ఉంచండి. టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్స్, సిప్రోఫ్లాక్సాసిన్ వేసుకునే రోజుల్లో పెరుగును ఆ మాత్రలకు కనీసం రెండు గంటలు దూరంగా తినండి. సైలియం విషయంలో మిగతా మందులకూ అదే ఎడం పాటించండి.

అడుగు 9: పనిచేసిందో లేదో లెక్క చూడటం

పెంచడం ఆపిన మోతాదు మీద నాలుగు వారాలు స్థిరంగా ఉండి, ఆ తర్వాతే తీర్పు చెప్పండి. మందులను పరీక్షించేటప్పుడు వాడే కొలబద్దే ఇక్కడా బాగుంటుంది: కడుపునొప్పి కనీసం 30 శాతం తగ్గాలి, పూర్తిగా ఖాళీ అయిన మోషన్లు, అంటే మీ టిక్‌లు, వారానికి కనీసం ఒకటి పెరగాలి. ఉదాహరణకు మొదటి రెండు వారాల్లో నొప్పి సగటు 6, టిక్‌లు వారానికి ఒకటి అనుకుందాం. చివరి వారాల్లో నొప్పి 4కు దిగి, టిక్‌లు రెండో మూడో అయితే అది నిజమైన మేలు. ఐబీఎస్‌లో ఉత్తుత్తి మందుతో కూడా చాలామంది కొంత మెరుగుపడతారు. అందుకని బాగా అనిపించినా ఒకసారి రెండు వారాలు పీచు మాత్రం ఆపి, సాదా పెరుగు తింటూ చూడండి. మళ్లీ బిగుసుకుపోతే ఆ పీచు మీకు పనిచేస్తోందని తెలుస్తుంది, తిరిగి సగం మోతాదుతో మొదలుపెట్టి రెండు వారాల్లో పాత చోటికి వెళ్లవచ్చు. ఏ తేడా రాకపోతే ఆ డబ్బుతో ఇంకేదైనా కొనుక్కోవచ్చు.

మోషన్ బాగుపడి ఉబ్బరం మాత్రం మిగిలిపోతే పీచు మార్చండి: ఇనులిన్ నుంచి పీహెచ్‌జీజీకి, లేదా ఇనులిన్ సగానికి తగ్గించి దానికి సైలియం తోడు చేసి. నొప్పి తగ్గి మోషన్ అలాగే ఉంటే మాక్రోగాల్ లాంటి విరేచనాల మందు గురించి డాక్టర్‌ను అడగండి. అది మలాన్ని మెత్తబరుస్తుంది, నొప్పి మీద మాత్రం పెద్దగా పనిచేయదు. రెండు రకాల పీచులు చూసినా రెండు లక్షణాలూ కదలకపోతే మూడో డబ్బా కొనకండి. లినాక్లోటైడ్ లాంటి మందులు నొప్పి మీదా, మలబద్ధకం మీదా కలిపి పనిచేస్తాయి, కటి కండరాల పరీక్ష కూడా అప్పటికి మిగిలే ఉంటుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మీరు రాసుకున్న పుస్తకం పట్టుకెళ్లండి. ఏ పీచు, ఏ మోతాదు, ఎన్ని వారాలు, ఏం జరిగింది అన్నవి అందులో ఉంటే మళ్లీ మొదటి నుంచి పీచు తిని చూడమనే సలహాతో ఇంటికి తిరిగి రావాల్సిన పని ఉండదు.